మొదటి మాట వినిపించేదాకా

కూర్చోండి. టీ చల్లారేలోగా అయిపోయే కబురు కాదిది, గ్లాసు నింపుకునే కూర్చోండి.

మొన్న శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఫోను మోగింది. హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న తమ్ముడు. నాలాగే చూపు లేనివాడు. "అన్నా, నా లాప్‌టాప్ మాట్లాడట్లేదు" అన్నాడు. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయిందట. బ్యాటరీ ఎప్పుడో పాడైంది కాబట్టి కరెంటుతోపాటే లాప్‌టాప్ కూడా ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, విండోస్ మాత్రం రావట్లేదు. రూమ్మేట్ తన ఫోనులో అక్షరాలు చదివే యాప్ తెరిచి లాప్‌టాప్ ముందు పెడితే, రిపేరు కుదరలేదనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్కేదో చదివింది. ఆ రూమ్మేట్‌కీ చూపు లేదు.

"షాపుకి తీసుకెళ్తే మూడు రోజులన్నారన్నా. సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి."

"ఫైళ్ళెక్కడున్నాయి?"

"డ్రైవ్‌లో."

"గూగుల్ డ్రైవ్‌లోనా, డీ డ్రైవ్‌లోనా?"

"గూగుల్‌లోనే అన్నా. అన్నీ అందులోనే."

"పెన్‌డ్రైవ్ ఉందా?"

"ఉంది, 16 జీబీ."

"అయితే షాపెందుకురా? ఇవాళే విండోస్ వేసేద్దాం."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "మనమా?" అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను ఇరవై ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళింది. అందుకే మిమ్మల్ని కూర్చోమన్నాను.

చూపున్నవాళ్ళకి ఇందులో చిక్కేమిటో ఒక పట్టాన తట్టదు. కంప్యూటర్ మాతో మాట్లాడుతుందని మీరు వినే ఉంటారు. ఆ మాట్లాడేది స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం. తెర మీద ఏముందో, మేం ఏ కీ నొక్కామో అది చదివి వినిపిస్తుంది. మౌసు జోలికి మేం పోము, ట్యాబ్, బాణాల కీలు, ఎంటర్, వీటితోనే కథంతా నడుస్తుంది. అయితే ఆ ప్రోగ్రాం నడవాలంటే కింద విండోస్ ఉండాలి, సౌండ్ డ్రైవర్ ఉండాలి. ఆ విండోసే పోయిననాడు గొంతు కూడా పోతుంది. కొత్త విండోస్ వేయాలంటే గొంతు కావాలి, గొంతు రావాలంటే విండోస్ వేసి ఉండాలి. బావి తవ్వేవాడికి దాహం తీర్చే నీళ్ళు ఆ బావిలోనే ఉన్నట్టు.

నేను మొదటిసారి విండోస్ వేసింది ఎక్స్‌పీ రోజుల్లో. అప్పట్లో సెటప్‌కి నోరే లేదు. నా స్నేహితుడొకడు, చూపున్నవాడు, ఒక ఆదివారం తన కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో స్క్రీనూ పైకి చదువుతూ విండోస్ వేశాడు. నేను పక్కన స్లేటూ స్టైలస్‌తో మందపాటి కాగితం మీద బ్రెయిల్‌లో పొడుచుకున్నాను. ఎంటర్. ఎఫ్ 8 నొక్కితే షరతులకి ఒప్పుకున్నట్టు. పాత విండోస్ కనబడితే ఎస్కేప్. డి నొక్కి, ఎంటర్ కొట్టి, ఎల్ నొక్కితే ఉన్న పార్టిషన్, అంటే డిస్కులో ఆ భాగమంతా, పోతుంది. ఆ వరస పక్కన నేను చుక్కలతో ఒక గీత గీసుకున్నాను. వేలికి ఆ గీత తగిలిందంటే ఆగి ఆలోచించాలని నాకు నేనే పెట్టుకున్న గుర్తు. ఇక 25 అక్షరాల ప్రోడక్ట్ కీకి వేరే కాగితం.

తర్వాత వారం మా ఇంట్లో, తలుపు వేసుకుని, ఒక్కడినే మొదలుపెట్టాను. ఒక్క మాట వినబడదు. వినబడేదల్లా సీడీ డ్రైవ్ చప్పుడు. గిర్రున తిరిగి ఆగిందంటే తెర మీద ఏదో ప్రశ్న వచ్చిందన్నమాట. కాగితం మీద వేలు, కీబోర్డు మీద ఇంకో చెయ్యి. పార్టిషన్ కొట్టేసిన తర్వాత హార్డ్ డిస్క్ కరకరమంటూ చాలాసేపు తిరిగింది. ఫార్మాట్ అవుతోందని అర్థమై, ఆ చప్పుడు వింటూ గోడకి జారగిలబడి కూర్చున్నాను. కంప్యూటర్ రీస్టార్ట్ అయినప్పుడు ఇంకో గండం ఉంది. సీడీ నుంచి మొదలవడానికి ఏదైనా కీ నొక్కమని అడుగుతుంది. మొదటిసారి నొక్కాలి, రెండోసారి నొక్కకూడదు. నొక్కామా, మళ్ళీ అ ఆ ల దగ్గరికే. అందుకని కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఎక్స్‌పీ తెర మీద 39 నిమిషాలు పడుతుందని చూపిస్తుందని నా స్నేహితుడు చెప్పాడు. ఆ కాలంలో విండోస్ వేసిన ప్రతివాడికీ ఆ 39 గుర్తుండే ఉంటుంది. నాకు ఆ అంకె కనబడదు కాబట్టి బ్రెయిల్ వాచీ తడుముకుంటూ కూర్చున్నాను. పేరు, కీ, పాస్‌వర్డు, అన్నీ కాగితంలో ఉన్నట్టే ఇచ్చాను. చివరికి స్పీకర్లలోంచి ఎక్స్‌పీ మొదలయ్యే ఆ సంగీతం వచ్చింది. విండోస్ కీ, యు కలిపి నొక్కితే విండోస్‌తోపాటే వచ్చే స్క్రీన్ రీడర్ నెరేటర్ లేచి, శామ్ అనే ఆ రేకుడబ్బా గొంతుతో మాట్లాడింది. నేను ఆ రోజు ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. నా కంప్యూటర్ లోపల నేను పెట్టనిది ఏదీ లేదని తెలిసిన మొదటి రోజది.

ఇంత పట్టుదల ఎందుకంటారా? షాపులో పది నిమిషాల పనే కదా అని మా నాన్న కూడా అన్నారు. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తాను. అంతకుముందు ఒకసారి షాపుకి తీసుకెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే, "మీతో ఎవరైనా వచ్చారా?" అని అడిగారు. కంప్యూటర్ నాది, డబ్బు నాది, మాట్లాడడానికి మాత్రం ఇంకొకరు కావాలి. రెండు రోజుల తర్వాత ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే సౌండ్ డ్రైవర్ లేదు. "తెరంతా బాగానే వస్తోంది సార్" అన్నారు ఫోన్లో. ఆ తెర నాకెందుకు? పైగా పాస్‌వర్డు వాళ్ళే పెట్టారు, ఒకటి రెండు మూడు నాలుగు. నా ఉత్తరాలు, నా బ్యాంకు కాగితాలు, నేను రాసుకున్న నాలుగు ముక్కలు ఉండే పెట్టెకి తాళం చెవి ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. ఆ రోజే అనుకున్నాను, ఈ పని నేర్చుకుని తీరాలని.

ఆ మాటకొస్తే, కంప్యూటర్‌కి మాట నేర్పినవాళ్ళలో చాలామంది చూపు లేనివాళ్ళే. టెడ్ హెంటర్ అని అమెరికాలో ఒకాయన మోటార్‌సైకిల్ రేసులు నడిపేవాడు, ప్రమాదంలో చూపు పోయింది. ఆయన పెట్టిన సంస్థ నుంచి 1989లో డాస్ కోసం జాస్ అనే స్క్రీన్ రీడర్ వచ్చింది. మన పుణేలో పుట్టిన టి.వి. రామన్‌గారికి పద్నాలుగో ఏట గ్లాకోమాతో చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో చదివి, కార్నెల్‌లో డాక్టరేట్ చేసి, 1995లో ఈమాక్‌స్పీక్ అనే మాట్లాడే ప్రోగ్రాం విడుదల చేశారు. తెర మీది అక్షరాలు చదవడం ఒక్కటే చాలదు, విషయాన్ని చెవికి తగ్గట్టు చెప్పాలన్నది ఆయన పట్టు. ఆ తర్వాత 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్ మొదలుపెట్టాడు. జేమ్స్ టే అతనితో కలిశాడు. ఇద్దరూ చిన్నప్పుడు అంధ పిల్లల సంగీత శిబిరంలో పరిచయమైనవాళ్ళు. చూపున్నవాడు ఊరికే చూసే తెరని వినడానికి చూపులేనివాడు వేలకు వేలు ఎందుకు కట్టాలని వాళ్ళకి అనిపించింది. ఎన్వీడీఏని ఉచితంగా ఇచ్చారు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో తిప్పుకోవచ్చు. ఈస్పీక్ గొంతుతో తెలుగు కూడా చదువుతుంది. ఉచ్చారణ కాస్త బండగా ఉంటుంది గానీ, మన భాషలో చదువుతుంది. మన పల్లెటూళ్ళ నుంచి వచ్చి హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో బ్యాంకుల్లోనూ కాలేజీల్లోనూ పనిచేస్తున్న ఎంతమంది జీతాలు ఆ ఇద్దరి పుణ్యమో నాకు తెలుసు.

అయితే ఇవన్నీ సిస్టమ్ వేశాక మాట్లాడేవి. వేస్తున్నప్పుడే మాట్లాడడమన్న సంగతి వేరు. ఆ విషయంలో నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టేది డెబియన్ లినక్స్ వాళ్ళకి. 2013 మేలో వచ్చిన డెబియన్ 7 నుంచి ఆ సెటప్ నోటితో మాట్లాడుతోంది. పద్ధతి ఎంత తేలికో చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే, మెనూ సిద్ధం కాగానే కంప్యూటర్ బీప్‌మంటుంది. కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రాం పాత బయోస్ అయితే ఒక బీప్, కొత్త యూఈఎఫ్ఐ అయితే రెండు. అప్పుడు ఎస్ నొక్కి ఎంటర్ కొట్టాలి. అంతే. ప్రతి ప్రశ్నకీ జవాబులు వరసగా అంకెలతో చదువుతుంది, కావలసిన అంకె కొట్టి ఎంటర్ నొక్కడమే. రెండు మూడు సౌండ్ కార్డులుంటే ఒక్కోదాన్లోంచీ పలకరించి, ఎక్కడ వినబడితే అక్కడ ఎంటర్ కొట్టమంటుంది. ఈ ఆలోచన ఎవరికి తట్టిందో గానీ, ఒక ఇంట్లో తలుపులన్నీ తట్టి "ఇక్కడున్నావా" అని వెతుక్కునే మనిషి మంచితనం ఉంది అందులో. ఇంకో గొప్ప సంగతి, అలా గొంతుతో వేసుకుంటే సిస్టమ్ తయారయ్యాక కూడా ఆ గొంతు ఉంటుంది. మాటల్తో వేసుకున్నవాడికి మాటలు కావాలని దానికి తెలుసు.

మైక్రోసాఫ్ట్ వాళ్ళు కొంచెం ఆలస్యంగా వచ్చినా వచ్చారు. నెరేటర్ విండోస్ 2000 నుంచీ ఉంది గానీ, సెటప్ మొదటి స్క్రీన్ నుంచే అది పలకడం 2017 ఏప్రిల్లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో మొదలైంది. కంట్రోల్, విండోస్ కీ, ఎంటర్, మూడూ కలిపి నొక్కాలి. ఆపిల్ వాళ్ళ మాక్‌లో అయితే వాయిసోవర్ అనే స్క్రీన్ రీడర్ 2005 నుంచే సిస్టమ్‌లో భాగం, కమాండ్‌తో ఎఫ్ 5 నొక్కితే పలుకుతుంది. మా హాస్టల్ పిల్లలకి మాక్ కొనే స్తోమత ఎక్కడిది గనక, దాని ముచ్చట ఇక్కడికి చాలు.

సరే, మన తమ్ముడి దగ్గరికి వద్దాం. రూమ్మేట్ లాప్‌టాప్ మీద, హాస్టల్ వైఫై ఆపేసేలోగా, విండోస్ 11 దింపి పెన్‌డ్రైవ్ తయారు చేశారు. ఎన్వీడీఏతో వాళ్ళిద్దరే చేసుకున్నారు, నేను ఊకొట్టానంతే. పదకొండు దాటింది. ఇక అసలు పరీక్ష, పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌ని లేపడం.

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. విండోస్ మాట్లాడుతుంది, లినక్స్ మాట్లాడుతుంది, ఫోన్ మాట్లాడుతుంది, ఏటీఎం కూడా మాట్లాడడం నేర్చుకుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే ఆ బయోస్ మాత్రం చాలా కంప్యూటర్లలో నేటికీ మూగదే. ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో చెప్పే ఆ ఒక్క మెనూ కోసం మేం ఎన్ని పాట్లు పడతామో! ఒక కంపెనీ లాప్‌టాప్‌కి ఎఫ్ 12, ఇంకోదానికి ఎఫ్ 9, మరోదానికి ఎస్కేప్. లోపల వరసలో పెన్‌డ్రైవ్ రెండోదో మూడోదో తెలియదు. విండోస్ బతికి ఉంటే సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్ళి, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ నుంచి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవచ్చు, అక్కడ నెరేటర్ తోడుంటుంది. విండోస్ పోయినవాడికి ఆ దారి కష్టం. కొంతమంది మిత్రులు హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు కొని, మూగ కంప్యూటర్ తెరని ఇంకో కంప్యూటర్‌లోకి తెచ్చుకుని, అక్కడ తెరబొమ్మలో అక్షరాలు గుర్తుపట్టే ఎన్వీడీఏ ఓసీఆర్‌తో చదివించుకుంటారు. ఆ తెలివికి నేను ముచ్చటపడతాను. కానీ ఒక మెనూలో నాలుగు లైన్లు వినడానికి రెండో కంప్యూటర్ కావాలా? స్పీకర్ అక్కడే ఉంది, సౌండ్ చిప్ అక్కడే ఉంది. పలికించాలన్న మనసే కావాలి.

వాళ్ళకి క్యాప్చర్ కార్డు లేదు. రూమ్మేట్ ఫోన్ ఉంది. తమ్ముడు ఎఫ్ 12 టకటకా కొడుతూ ఆన్ చేశాడు. రూమ్మేట్ ఫోన్ని తెరకి జానెడు దూరంలో పట్టుకున్నాడు. ముందు తలకిందులుగా పట్టుకున్నాడు, తర్వాత మరీ దగ్గరగా. మూడోసారికి యాప్ చదివింది. మొదట హార్డ్ డిస్క్, దాని కింద పెన్‌డ్రైవ్. "కింది బాణం ఒక్కసారి, ఎంటర్" అన్నాను. కొట్టాడు.

"ఇప్పుడు అరవై లెక్కపెట్టు" అన్నాను. ఎందుకంటే కంట్రోల్, విండోస్, ఎంటర్, ఆ మూడు కీలూ తొందరపడి నొక్కితే పలకదు, పలకలేదు కదా అని మళ్ళీ నొక్కితే అప్పుడే లేస్తున్న నెరేటర్ ఆగిపోతుంది. అదే కీ లేపుతుంది, అదే కీ ఆపుతుంది. మావాళ్ళు ఎక్కువమంది ఓడిపోయేది అక్కడే. వాడు తెలుగులో పైకి లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. నొక్కాడు. నిశ్శబ్దం. నేను ఇక్కడ, వాళ్ళిద్దరూ అక్కడ, ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. ఆ సెటప్‌లో అన్ని సౌండ్ చిప్‌లకీ డ్రైవర్లుండవు. కొత్త లాప్‌టాప్‌లు కొన్నింట్లో అది ఎంతకీ పలకదు. వాడిది నాలుగేళ్ళ పాతది, అదే నా ధైర్యం.

పలికింది. ఫోన్లోంచి నాకూ వినబడింది, ఆ ఇంగ్లీషు గొంతు. వెనకాల రూమ్మేట్ "ఒర్నీ!" అని అరిచాడు.

అక్కణ్ణుంచి వాడిదే రాజ్యం. ట్యాబ్ కొట్టడం, వినడం, ఎంటర్ కొట్టడం. భాష, కీబోర్డు, షరతులు. డిస్కుల జాబితా వచ్చినప్పుడు మాత్రం నేను ఆపాను. "ఎక్స్‌టర్నల్ డిస్క్ ఏమన్నా పెట్టావా?" "పెన్‌డ్రైవ్ ఒక్కటే." "సైజు విను. చిన్నది పెన్‌డ్రైవ్, దాన్ని ముట్టుకోకు. పెద్దదాని పార్టిషన్లే తీసెయ్." అక్కడ తప్పు జరిగితే దిద్దుకోలేం. చూపున్నవాళ్ళు కూడా అక్కడ తప్పులు చేస్తారు, అది వేరే సంగతి. వాడు ఒక్కోటీ రెండుసార్లు విని మరీ తీశాడు.

ఫైళ్ళు ఎక్కుతున్నంతసేపూ కబుర్లు చెప్పుకున్నాం. వాడి ప్రాజెక్టు గురించి, మెస్సులో పప్పు గురించి. రీస్టార్ట్ అయ్యాక మళ్ళీ గొంతు పోయింది, మళ్ళీ ఆ మూడు కీలు, మళ్ళీ వచ్చింది. వైఫై డ్రైవర్ లేదంది. రూమ్మేట్ ఫోన్ని కేబుల్‌తో కలిపి ఆ ఫోన్ నెట్ వాడుకునేలా యూఎస్‌బీ టెథరింగ్ పెట్టాం, దారికొచ్చింది. చివర్లో పాస్‌వర్డు అడిగింది. నేను ఫోన్ చెవి నుంచి కాసేపు దూరం పెట్టాను. అది వాడి తాళం, నేను వినకూడదు.

రాత్రి రెండింటికి జేబులోని ఎన్వీడీఏ పెన్‌డ్రైవ్ పెట్టి, నెరేటర్‌ని పంపించేశాడు. "అన్నా, అయిపోయింది" అన్నాడు. ఆ గొంతులో "మనమా?" అన్న కుర్రాడు లేడు. ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేశాడు. పక్క గదిలో ఇంకో ఇద్దరి లాప్‌టాప్‌లకి విండోస్ 11 వేస్తున్నాడట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది కదా, హాస్టల్లో చాలామందికి అదే బెంగ.

మీలో ఎవరైనా ఇలాంటి పనికి దిగుతుంటే ఒక మాట. విండోస్ ఇంకా బతికే ఉంటే పెన్‌డ్రైవ్ దాకా పోవద్దు. సెట్టింగ్స్‌లో రికవరీ కింద రీసెట్ ఉంది, లేదా విండోస్ లోపలే సెటప్ ఫైల్ నడపొచ్చు. మీ స్క్రీన్ రీడర్ చాలా దూరం తోడొస్తుంది, మూగ బయోస్‌తో పనే ఉండదు. ఫైళ్ళు ఇంకోచోట దాచుకోకుండా మాత్రం ఏదీ మొదలుపెట్టకండి.

ఇక మీలో కంప్యూటర్ షాపు నడిపేవాళ్ళెవరైనా ఉంటే, మిమ్మల్ని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. రేపు మీ కౌంటర్ దగ్గరికి చూపు లేని మనిషొకరు లాప్‌టాప్ పట్టుకుని వస్తే, తోడు ఎవరొచ్చారని అడగకండి. పెన్‌డ్రైవ్ నుంచి సెటప్ లేపే ఆ ఒక్క మెనూ దాటించి పెట్టండి, కంట్రోల్, విండోస్, ఎంటర్ నొక్కండి, గొంతు వినబడగానే లాప్‌టాప్ ఆ మనిషి వైపు తిప్పండి. పాస్‌వర్డు ఆయన్నే కొట్టుకోనివ్వండి.